గాలి నింపిన కుండీ

గృహప్రవేశానికో పెళ్ళిరోజుకో వెళ్ళేటప్పుడు గోడగడియారమో గాజు గ్లాసుల సెట్టో పట్టుకెళ్ళడం పట్నాల్లో తగ్గింది. ఆ చోట్లోకి ఈమధ్య ఒక చిన్న మొక్క వచ్చి కూర్చుంది. లోపలిదంతా బయటికి కనిపించే ప్లాస్టిక్ కప్పు, నాలుగైదు దళసరి ఆకులు, వాటి పక్కనుంచి లేచి వంగిన ఒక కాడ, ఆ కాడకు వరసగా తెల్లవో ఊదావో పూలు. ఫాలెనాప్సిస్ అనే ఆర్కిడ్ ఇది. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్, తైవాన్, జావా, బోర్నియో అడవులు. మన ఈశాన్య కొండల్లోనూ దాని బంధువులు ఉన్నాయి. అరచేతిలో పట్టే రకాలకు ఆ పొట్టితనం చాలామటుకు ఈక్వెస్ట్రిస్ అనే ఫిలిప్పీన్స్ జాతి నుంచి సంక్రమించింది. హైదరాబాద్ నర్సరీల్లో, కడియం, కడియపులంకల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. కానుక తెచ్చిందెవరో మర్చిపోయినా అవి ఇంకా ఉంటాయి.

తరువాత ఒక్కొక్కటే రాలతాయి. అప్పుడా కప్పు హాల్లోంచి బాల్కనీ మూలకీ, అక్కణ్ణుంచి చెత్తబుట్టలోకీ చేరడం చాలా ఇళ్ళలో జరిగేదే. చచ్చిపోయిందనుకుంటారు. అది చావలేదు, పూత అయిపోయిందంతే. సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి బతికే మొక్క ఇది. పారేయడానికి మనసొప్పని వాళ్ళేమో ఇంకో పని చేస్తారు. పెద్ద కుండీ తెచ్చి, ఎర్రమట్టి పోసి, గుప్పెడు పశువుల ఎరువు కలిపి, అందులో నాటి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తారు. మందారానికీ గులాబీకీ తులసికీ చేసి ఫలితం చూసిన పనే కదా. ఇక్కడ మాత్రం ఎంతో కాలం పట్టదు, ఆకులు మెత్తబడి మొదలు నుంచి ఊడిపోతాయి. చెత్తబుట్టలో వేసినవాళ్ళకీ ప్రేమగా నాటినవాళ్ళకీ చివరికి దక్కేది ఒకటే కావడం అన్యాయమే.

ఆ కప్పును ఒకసారి వెలుతురులో పెట్టి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. లోపల మట్టి ఉండదు. తేమ పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచును గట్టిగా దట్టించి ఉంటారు. పైన చేయి పెడితే పొడిగా తగిలే నాచు నడుమ వేలు దూర్చితే చల్లగా, చెమ్మగా ఉంటుంది. దీనికి నర్సరీ వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. వాళ్ళ మొక్క ఎక్కడో పాలీహౌస్‌లో పెరిగి, అట్టపెట్టెల్లో లారీలెక్కి, దుకాణంలో వారాల పాటు నీళ్ళు లేకుండా గడపాలి. ఆ ప్రయాణానికి నాచు మంచి తోడు. ఇల్లు చేరాక, రోజూ ఎవరో ఒకరు చెంబుతో వచ్చి పలకరించే చోట, అదే నాచు ఆరడం మానేస్తుంది. లోపలి వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి.

ఊపిరి అన్నది ఊరికే అన్న మాట కాదు. ఈ మొక్క నేల మీద పుట్టింది కాదు. వానలు దండిగా కురిసే అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. దాని వేరును కోసి చూస్తే నడుమ సన్నని దారంలాంటి భాగం, దాని చుట్టూ మందపాటి తెల్లని తొడుగు కనిపిస్తాయి. ఆ తొడుగులోని కణాలు చచ్చిపోయి, లోపల గుల్లగా ఉంటాయి. వాన చినుకు పడగానే నీటిని పీల్చుకుని, గాలి తగిలేకొద్దీ నెమ్మదిగా ఆరిపోవడమే వాటి ఉద్యోగం. పొడిగా ఉంటే వేరు వెండిరంగులో, తడిస్తే పచ్చగా కనిపించేది అందుకే. ఆ పచ్చదనం ఆకులో ఉండే పచ్చదనమే. వెలుతురు తగిలితే వేరు కూడా ఇంత ఆహారం తయారుచేసుకుంటుంది. కప్పు పారదర్శకంగా ఉండటం మన చూపు కోసమే అనుకుంటాం గానీ వేరుకూ దానితో పని ఉంది. ఇక ఆకులు తమ రంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తాయి, ఉన్న నీరు ఎండకు ఆవిరైపోకుండా. అడవిలో అంత వాన కురిసినా కొమ్మ మీద ఉన్న మొక్కకు మరో గంటకి నీళ్ళుండవు. అలా తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం దాని బతుకు. మట్టిలో పాతిపెడితే ఆరడమన్నది ఉండదు.

ఇలాంటి మొక్కలు మనకు కొత్తేమీ కావు. తూర్పు కనుమల్లో, గోదావరి జిల్లాల పాత మామిడి తోటల్లో కొమ్మల మీద కనబడే వాండా ఒకటుంది. పసుపు మీద గోధుమరంగు గళ్ళు పరిచినట్టుండే రేకులు దానివి. సామర్లకోటలో తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన గ్రంథం మొదటి సంపుటం 1795లో వచ్చింది. ఈ వాండా వర్ణన, బొమ్మ అందులో ఉన్నాయి. ఆయన దగ్గర బొమ్మలు వేసినవాళ్ళు ఇక్కడి చిత్రకారులే. చెట్టు మీద మొలిచేదాన్నల్లా బదనిక అనడం ఊళ్ళలో అలవాటు కాబట్టి, మామిడి కొమ్మలోకి చొచ్చుకుపోయి రసం పీల్చే అసలు బదనికతో పాటు పాపం ఈ వాండాను కూడా కత్తితో కొట్టేస్తుంటారు. ఇది చెట్టు నుంచి ఒక్క బొట్టు తీసుకోదు. కూర్చోవడానికి చోటు, చుట్టూ గాలి, అప్పుడప్పుడూ వాన చాలు.

ఈ సంగతి అర్థం కావడానికి ఇంగ్లండుకు చాలా ఏళ్ళు, అంతకంటే ఎక్కువ మొక్కలు పట్టాయి. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో అక్కడి ధనవంతులకు ఆర్కిడ్ల పిచ్చి పట్టింది. ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క కదా అని గాజు ఇళ్ళు కట్టి, బొగ్గు మంట పెట్టి, కిటికీలు బిగించి, ఆవిరి కమ్మేలా చేసి అందులో పెట్టేవారు. వేలకు వేలు అలా చచ్చిపోయాయి. డెవన్‌షైర్ ప్రభువు తోట చూసే జోసెఫ్ పాక్స్‌టన్ గాలి ఆడనిచ్చి, వేడి తగ్గించి పెంచి చూపించాడు. ఆయనే 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని మన ఖాసీ కొండలకు ఆర్కిడ్ల కోసం పంపాడు.

ఆ కొండలకే 1850లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ వచ్చాడు. అక్కడ ఒక ఊరి దగ్గర ఓక్ చెట్ల మీద నీలి వాండా విరగబూసి కనిపించింది. ఎండబెట్టి దాచే నమూనాల కోసమే 360 పూగుత్తులు కోయించాడు. బస వసారాలో అవి గజం ఎత్తున మూడు కుప్పలయ్యాయని తన హిమాలయ యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. లండన్ పక్కనున్న క్యూ ఉద్యానవనానికని ఏడుగురు కూలీలు మోసేటన్ని మొక్కలు ఒలిపించాడు. దారి ఇక్కట్లన్నీ దాటి ప్రాణాలతో చేరినవి కొన్నే. మొక్కలున్న చోటు తెలుసుకునేందుకు తన తోటమాలిని హుకర్ వెంట పంపిన ఇంకో పెద్దమనిషికి అదృష్టం బాగుంది. ఒక్క కూలీ మోత పంపిస్తే, అవి చాలా దీనస్థితిలో చేరినా, మొత్తం 300 పౌన్లు పలికాయి. మొక్క ఒక్కంటికి 3 నుంచి 10 పౌన్లు. ఈ లెక్కలు రాసిన చేత్తోనే హుకర్ ఒక చక్కని మాట కూడా రాశాడు. ఈ మొక్క పెరిగే చోటికీ ఇంగ్లండులో దానికి చేస్తున్న సేవకీ బొత్తిగా పొంతన లేదన్నాడు. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున గడ్డి కొండలు, ఆకులు పలచగా ఉన్న వంకరటింకర పొట్టి చెట్లు, వాటి కొమ్మల మీద నేరుగా ఎండా గాలీ తగులుతూ మొక్క. వానాకాలం తడే తడి, పూసే కాలానికి పగలంతా గాలీ బెరడూ పొడి, శీతాకాలం నేల మీద మంచు పేరుకునే చలి. ఏ వేళా కదలని ఉక్క గాలి మాత్రం లేదు. అంతా కళ్ళారా చూసి రాసిన మనిషి అన్ని మొక్కలు ఒలిపించడమేమిటని ఈనాడు మనకు అనిపించవచ్చు. ఆనాడు ఆయనకు అనిపించినట్టు లేదు.

ఆ నీలి వాండా ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన మొక్క. అప్పట్లో పది పౌన్లు పెట్టి కొనేవాటి సాటి మొక్కలు ఇవాళ కొన్ని వందలకు దొరకడం వెనక ప్రయోగశాలలు ఉన్నాయి. ఆర్కిడ్ విత్తనం దుమ్ము కంటే పెద్దది కాదు. మొలకకు తిండి దాచుకోదు. అడవిలోనైతే ఒక బూజు జాతి లోపలికి చేరి తిండి పెడితేనే మొలుస్తుంది. ఆ సంగతిని 1899లో ఫ్రాన్స్‌లో నొయెల్ బెర్నార్ కనిపెట్టాడు. బూజు లేకపోయినా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఆ తరువాత కణజాల వర్ధనం వచ్చింది. మన చేతికొచ్చే కప్పులోని మొక్క సీసాలో పుట్టిందే గనుక, దాన్ని కొంటే ఏ కొమ్మా బోడి కాదు. ఏజెన్సీ దారుల్లో అడవి ఆర్కిడ్లు కట్టలు కట్టి ఎవరైనా చేతికిస్తే మాత్రం అడగాల్సింది ధర కాదు, ఎక్కడి నుంచి వచ్చాయని.

ఇక కుండీ మార్చే పని. పూత పూర్తయ్యాక, వేళ్ళ కొసలు పచ్చగా కొత్తగా కనిపిస్తున్నప్పుడు మొదలుపెట్టడం మంచిది. ముదురు ఎండల్లో వద్దు. మాఘ ఫాల్గుణాలు కుదురుతాయి, లేదంటే తొలకరి పడి గాలిలో కాస్త తేమ చేరాక. ముందుగా కప్పుతో సహా కాసేపు నీళ్ళలో ఉంచితే వేళ్ళు వంగేలా అవుతాయి. పొడిగా ఉన్నప్పుడు లాగితే పుటుక్కున విరుగుతాయి. కత్తెరను మంట మీద చూపించో స్పిరిట్‌తో తుడిచో వాడాలి. ఆర్కిడ్లకు వచ్చే వైరస్‌లు ఒక మొక్క రసం నుంచి ఇంకోదానికి కత్తెర మీదుగా ఎక్కుతాయి. నాచును వేళ్ళతో కొంచెం కొంచెంగా తీస్తూ పోతే నడుమ ఒక చిన్న ప్లాస్టిక్ బుట్టో స్పాంజి ముక్కో బయటపడటం మామూలే. మొక్క సీసాలోంచి వచ్చిన తొలినాళ్ళలో పెట్టినది అది. తీసేయాలి.

ఏ వేరు ఉంచాలి, ఏది కోయాలి అన్నది రంగు చూసి తేల్చేది కాదు. నాచు మరకతో గోధుమరంగుకు తిరిగిన వేరు బతికే ఉండొచ్చు. వెలుతురు తగలక పసుపుబారినదీ బతికే ఉండొచ్చు. వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే ఉంచాలి. నొక్కగానే అణిగిపోయి, పై తొడుగు ఊడి చేతికొచ్చి, లోపల దారమొక్కటీ మిగిలితే కోసేయాలి. కోసిన చోట వంటింటి దాల్చినచెక్క పొడి అద్దడం చాలామందికి అలవాటు. బూజు పట్టనివ్వదని అంటారు. కోసిన చోటికే పరిమితం చేయాలి. మంచి వేళ్ళ మీద చల్లితే వాటినీ ఎండబెడుతుంది. సగం పైగా వేళ్ళు పోయాయని కంగారుపడనక్కర్లేదు. రెండు మూడు గట్టి వేళ్ళున్నా కోలుకునే మొక్క ఇది.

కుండీలో ఏం వేయాలి? పైన్ బెరడు ముక్కలు పుస్తకాల్లో ఉంటాయి, ఇప్పుడు సంచుల్లోనూ అమ్ముతున్నారు. మనకు చేతికందేవి ఇంకా ఉన్నాయి. కట్టెబొగ్గు, పాత పెంకుల ముక్కలు, కోనసీమ నిండా గుట్టలుగా పడి ఉండే కొబ్బరి డొక్కలు. డొక్కలను బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి, నీళ్ళు మారుస్తూ కొన్ని రోజులు నానబెడితే వాటిలోని ఉప్పు, వగరు పోతాయి. సముద్రగాలి ఆడే విశాఖ, కాకినాడ ఇళ్ళలో బొగ్గూ పెంకులే సరిపోతాయి. వేసవిలో గాలి పెదవులు పగలగొట్టే హైదరాబాద్‌లో డొక్క ముక్కలు ఎక్కువ కలపాలి, పైన కాస్త నాచు పరిచినా తప్పులేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది జల్లెడ. బొగ్గు, డొక్క, బెరడు ఏదైనా సరే, జల్లెడ పట్టి కింద దిగిన పొడిని పారబోయాలి. మామూలు కుండీకి రాళ్ళు ఏరేసి మెత్తటి మట్టి ఉంచుకుంటాం. ఇక్కడ మెత్తటిది పారేసి గరుకుది ఉంచుకుంటాం. జీవితమంతా రాళ్ళేరిన చేతులకు ఇది ఒకంతట ఎక్కదు. కానీ ఆ పొడి మిగిలితే ముక్కల మధ్య సందులన్నీ పూడిపోతాయి. ఈ కుండీలో మనం నింపేది అసలు ఆ సందులనే. బొగ్గూ పెంకూ సందుకీ సందుకీ మధ్య గోడల్లా నిలబడటానికి మాత్రమే.

కుండీ కూడా పెద్దది కాకూడదు. మిగిలిన వేళ్ళు ఇరుకుగా ఇమిడితే చాలు. “ఇంత చిన్నదాంట్లో ఎట్లా పెరుగుతుందమ్మా?” అని ఇంట్లో పెద్దవాళ్ళు అడక్క మానరు. పెద్ద కుండీ అంటే వేరు తాగని నీళ్ళు ఎక్కువసేపు నిలిచే కుండీ అని వాళ్ళకు చెప్పి ఒప్పించడం మొక్క నాటడం కంటే కష్టం.

అసలు ఎందుకు మార్చాలి అని అడిగితే చాలామంది చెప్పే జవాబు, మొక్క పెరిగింది కాబట్టి, చోటు చాలదు కాబట్టి అని. ఫాలెనాప్సిస్ విషయంలో ఇది చాలాసార్లు నిజం కాదు. అడుగున ఒక ఆకు రాలితే పైన ఒకటి వస్తుంది, మూడేళ్ళయినా మొక్క ఆకారం దాదాపు అంతే. ముసలిదయ్యేది కుండీలో మనం వేసినదే. నాచు ఏడాది రెండేళ్ళలో పులుస్తుంది. బెరడు, డొక్క మెల్లగా చివికి పొడవుతాయి. ఆ పొడి సందుల్లో చేరి గాలిని గెంటేస్తుంది. వేరు అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నది పాడవుతుంది. పూరిల్లు తిరగ నేయడంలాంటిదన్నమాట: ఇంట్లో మనుషులు పెరిగారని కాదు, తాటాకు చివికిందని కప్పు మారుస్తారు. లోపలున్నవాళ్ళు మాత్రం ఆ రోజంతా సామాను బయటపెట్టుకుని చిరాకు పడుతూనే ఉంటారు. మార్చిన తరువాత మొక్క కూడా కొన్ని వారాలు అలాగే ముఖం ముడుచుకుంటుంది. అడుగు ఆకు ఒకటి పసుపుబారి రాలవచ్చు. ఎరువులు, మందులు అంటూ పరిగెత్తక్కర్లేదు.

నాటిన రోజునే నీళ్ళు పోయకుండా, కోసిన గాయాలు మానేందుకు రెండు మూడు రోజులు ఆగడం మేలు. తరువాత వారం పట్టికతో పని లేదు. వేళ్ళు వెండిరంగుకు తిరిగితే పోయాలి, పచ్చగా ఉంటే ఆగాలి. ఇంత స్పష్టంగా దాహం చెప్పే మొక్క ఇంకోటి లేదు. ఆకుల నడుమ గుంటలో నీళ్ళు నిలిస్తే వాటిని వంచో, బట్ట కొసతో అద్దో తీసేయాలి. అక్కడ కుళ్ళితే మొక్క కోలుకోవడం కష్టం. బోరు నీళ్ళలోని ఉప్పులు వేరు కొసలను నల్లబరుస్తాయి. వాన నీళ్ళు పట్టి ఉంచుకోగలిగితే అంతకంటే మంచివి లేవు. తూర్పు కిటికీ ఉంటే అదృష్టవంతులు.

అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు ఫోన్లో ఇంకో సలహా ఇస్తుంటారు, వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమని. అక్కడ సూపర్‌మార్కెట్లలో అమ్మే మొక్కల చీటీ మీదే అలా రాసి ఉంటుంది. వేడి అడవుల మొక్కకు ఐసేమిటని విన్నవాళ్ళకు నవ్వు వస్తుంది. ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో పరీక్షించి, అందువల్ల హాని కనబడలేదని తేల్చారు. ఐసులో మహత్తేమీ లేదు. మూడు ముక్కలు కరిగితే వచ్చే నీళ్ళు అన్నే, అంతకు మించి పోయలేరు. చెంబు పట్టుకున్న చేతికి ఆ హద్దు ఉండదు.

మళ్ళీ పూస్తుందా అన్నది ఋతువును బట్టి ఉంటుంది. రాత్రిపగలు కొంత చల్లబడి, ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టుపక్కలకు దిగి కొన్ని వారాలు నిలిస్తేగానీ ఫాలెనాప్సిస్ పూకాడ వేయదు. హైదరాబాద్‌లో కార్తీక మార్గశిరాల చలి ఆ పనికి చక్కగా సరిపోతుంది. కోస్తాలో శీతాకాలం పేరుకే కాబట్టి కొన్నేళ్ళు ఆకులతోనే సరిపెట్టుకోవాల్సి రావచ్చు. ఏసీ గదిలో పెట్టి పూయించినవాళ్ళున్నారు గానీ పువ్వు కోసం కరెంటు బిల్లు కట్టడం ఎవరిష్టం వాళ్ళది.

కొత్త కుండీలో కుదురుకుంటున్న మొక్కను రోజూ కదిపి చూడటం, గట్టిగా పట్టిందా అని లాగి చూడటం మాత్రం మానుకోవాలి. అప్పుడే మొలుస్తున్న వేరు కొసలు ముక్కలకు రాసుకుని విరిగిపోతాయి. కొద్ది వారాల్లో ఆకుల మొదట్లోంచి ఒక లావుపాటి కొత్త వేరు పొడుచుకొస్తుంది. ఇంత కష్టపడి కుండీ సిద్ధం చేస్తే అది అందులోకి దిగక, అంచు దాటి బయటికి పోవడం తరచు జరిగేదే. దాన్ని వంచి లోపలికి తోయబోతే తెగుతుంది, అలా వదిలేస్తే కుండీ గోడకో పక్కనున్న కిటికీ చట్రానికో అతుక్కుంటుంది. అప్పుడు కుండీ జరపాలంటే ముందు ఆ కిటికీని అడగాలి.